బాగున్న ఇంజిన్‌కి నా వైద్యం

నిక్షేపంలాంటి ఒక ఇంజిన్‌ని రెండు గంటల్లో పాతసామాను కొట్టు సరుకుగా మార్చిన ఘనత నాది. చదివింది మెకానికల్ ఇంజినీరింగే. అందుకే అంత తొందరగా అయింది.

అసలు నేరం ‘ప్రాబ్లం’ అనే మాటది. మా విశాఖలో బస్సు రాకపోయినా ప్రాబ్లం, అల్లుడు అలిగినా ప్రాబ్లం, చట్నీ చాలకపోయినా ప్రాబ్లమే. కష్టానికి పేరు పెట్టే ఓపిక లేని ప్రతివాడూ ఈ మాట అనేసి ఊరుకుంటాడు. విన్నవాడు చావాలి.

నా స్నేహితుడు అప్పలరాజుది సముద్రం మీద వేట. రెండు నెలల వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుందనగా ఫోన్ చేశాడు.

“బావా, ఇంజిన్‌తో ప్రాబ్లం వొచ్చీసినాది. రేపు బోటు దిగకపోతే మా ఇంట్లో పొయ్యి ఎలగదు. ఓపాలి రా!”

కూర్మన్నపాలెం నుంచి స్కూటర్ మీద, పెళ్లికొడుకులా స్పానర్ల సంచీ తగిలించుకుని వాడింటికి వెళ్లాను. వాడు లేడు. వాళ్లమ్మ అరుగు మీదున్న ఇంజిన్ చూపించింది.

“ఆయిల్‌కి ఎల్లినాడు బాబూ. కూకో.”

కూర్చుంటే ఈ కథ ఉండేది కాదు.

అప్పలరాజు వచ్చేసరికి అరుగంతా పరిచిన పేపర్ల మీద ఇంజిన్, ఎండబెట్టిన చేపల్లా, ముక్కలుగా ఆరుతోంది.

“ఏటి బావా ఇది?”

“నీ ప్రాబ్లం ఎతుకుతన్నాను. ఇంకా దొరకలేదు. అన్నీ బాగానే ఉన్నాయి.”

“బాగుండవేటి! నిన్ననే మెకానిక్కు సూసిచ్చినాడు!”

“మరి ప్రాబ్లం అన్నావు?”

“తమ్ముడికి జొరం బావా! దీన్ని ఒడ్డుదాకా మొయ్యడానికి రెండో మనిషి లేడు. అదీ ప్రాబ్లం!”

విప్పడం వచ్చినంతగా బిగించడం నాకు రాదని తేలడానికి ఇంకో గంట పట్టింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఎల్లుండి దాకా కుదరదన్నాడు. అంటే రేపు ఊరి బోట్లన్నీ సముద్రంలో, అప్పలరాజు బోటు ఇసకలో. వాడు తల పట్టుకుని కూలబడ్డాడు.

వాళ్లమ్మ రెండు బకెట్లు తెచ్చి ముక్కలన్నీ ఏరి అందులో వేసింది. “ఊరుకోరా. ఇప్పుడు మొయ్యడానికి ఒక్కడు సాలు” అని వాటిని నా చేతికిచ్చింది.

ఒక్కో చేత్తో ఒక్కో బకెట్టు మోస్తూ మెకానిక్ కొట్టు వైపు నడిచిన ఆ దారిలోనే, బంగాళాఖాతం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఎవరు ప్రాబ్లం అన్నా ముందు “ఏటి?” అని అడుగుతాను. మొయ్యాల్సిందైతే మోస్తాను. విప్పాల్సిందైతే, నాకు జ్వరం.