ఆక్సిజన్‌కి సున్నా

రాజమండ్రిలో మాదొక చిన్న ఆఫీసు. రొయ్యల చెరువు గట్టు మీద పెట్టే ఒక పెట్టె తయారుచేస్తాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా, కరెంటు పోయినా, నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆగినా, నీళ్లు మరీ వేడెక్కినా అది చెరువు కాపలా మనిషికి ఫోన్ చేయాలి. దాని లోపలి ప్రోగ్రాం సి భాషలో రాసేది నేనూ, నా పైనున్న సీనియరూ.

కిందటి వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ముసురు పట్టి, యానాం అవతల ఒక చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. కాపలా ఆయన గంటసేపు చర్చికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రొయ్యలు తేలిపోయి ఉన్నాయి. రైతు ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ప్రార్థనలో ఫోన్ సైలెంట్‌లో పెట్టుంటాడని ఊరంతా తేల్చేసింది.

మర్నాడు ఆయన మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "చేతిలోనే పట్టుకున్నానండి. మోగలేదండి, ప్రమాణం చేస్తానండి."

సీనియర్ ఫోన్ పెట్టేసి నవ్వాడు. "అందరూ ఇలాగే అంటారమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి కోడ్ తెరిచాను. నేను రాసినప్పుడు ఒక్కో హెచ్చరికకీ పేరుకి అంకె కట్టే ఒక డిఫైన్ లైను ఉండేది, దాని పక్కన నేను వేసిన అంకె: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. అవి వరసగా ఉన్న స్విచ్చుల్లాంటివి. రెండు మూడు కలిపి వేసినా ఏవేవి వేశామో తెలియాలంటే అంకెలు అలా రెట్టింపవుతూ పోవాలి. ఇప్పుడు ఆ లైన్లు లేవు. సీనియర్ వాటిని పీకేసి, నాలుగు పేర్లనీ ఎనమ్ అనే ఒకే జాబితాలో ముచ్చటగా పేర్చాడు. అంకెలు మాత్రం వేయలేదు. మనం వేయకపోతే ఎనమ్ తనే వేసుకుంటుంది, సున్నా దగ్గర మొదలుపెట్టి. జాబితాలో మొదటి పేరు ఆక్సిజన్!

మా ఇళ్లలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అని కూడా అనరు, లాభం అంటారు. ఈ మహానుభావుడు మొదటిదానికి సున్నా వేశాడు. సున్నాని దేంతో కలిపినా ఏమీ చేరదు, కాబట్టి ఆ హెచ్చరిక ఏనాటికీ మోగదు. పరీక్షించలేదా అంటే, పరీక్షించారు. కరెంటు తీసి చూశారు, ఫోన్ మోగింది, చాలనుకున్నారు.

"అంకెలేవండీ?" అని అడిగాను.

"డిఫైన్లు పాతకాలం పద్ధతమ్మా. ఎనమ్ అయితే డీబగ్గర్‌లో తప్పులు వెతికేటప్పుడు అంకెల బదులు పేర్లు కనబడతాయి."

"ఎనమ్ మంచిదేనండి, నాకూ ఇష్టమే. నాలుగు అంకెలు వేయడానికి మీకేం నొప్పొచ్చిందండీ?"

దాని మీద వారం తరవాత డైరెక్టరు గారి గదిలో మీటింగు పెట్టారు. గంటన్నర. రెండు హెచ్చరికలు కలిపితే వచ్చే అంకెకి ఎనమ్‌లో పేరే ఉండదని ఒకరు, డిఫైన్‌కి అసలు టైపే లేదని ఇంకొకరు. అయ్యా, అక్కడ ఒక మనిషి పని పోయింది! చివరికి రైతుకి పంపే కాగితంలో 'నెట్‌వర్క్ సమస్య' అని రాశారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. కాపలా ఆయన ఊసే అందులో లేదు.

"ఇదెక్కడి న్యాయమండీ?" అని గట్టిగానే అరిచాను.

"కంపెనీ పేరు కూడా చూసుకోవాలి కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

మీ పేరు పాడుగాను! ఆ మనిషికి మాత్రం పేరుండదా? మర్నాడు సెలవు పెట్టి, కోడ్ కాగితం మీద ప్రింటు తీసుకుని బస్సెక్కాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. రైతు ఇంటికి వెళ్లి, కాపలా ఆయన్ని కూడా పిలిపించమన్నాను. ఇద్దరి ముందూ చెప్పాను: "ఆ రోజు ఫోన్ మోగలేదండి. మోగే వీలే లేదు. తప్పు మాది."

రైతు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత కాపలా ఆయన వైపు చూడకుండానే, "రేపట్నుంచి వచ్చెయ్యవయ్యా" అన్నాడు.

కాపలా ఆయన నా వైపు తిరిగాడు.

"కాకినాడ వెళ్లి చెవులు చూపించుకున్నానండి. బాగానే ఉన్నాయన్నారు. అయినా నమ్మకం కుదరక, పక్క గదిలోంచి రోజూ మా ఆవిడ చేత ఫోన్ చేయించుకుంటున్నానండి, వినబడుతుందో లేదోనని."