చెవిమేస్త్రి మార్చిన ఇంజన్

నడుస్తున్న ఇంజన్‌కి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాడు గనక రేవులో అందరూ ఆయన్ని చెవిమేస్త్రి అంటారు. ముప్పైఐదేళ్ళుగా పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. అంతటి మనిషీ తాడు విప్పిన పడవలో ఒక్క నిమిషం కూర్చుని ఎరగడు. నీళ్ళతో ఆయన స్నేహమంతా బకెట్ వరకే. ఇంజన్ బిగించినవాడే మొదటిసారి పడవతో వెళ్ళాలన్నది ఆ రేవు కట్టుబాటు. ఆ పూటకి మేస్త్రికి నడుంనొప్పి తప్పకుండా వచ్చేది. బదులుగా బావమరిది వెళ్ళేవాడు. జనం నవ్వితే నవ్వారు, మునగలేదు కదా అని సరిపెట్టుకునేవాడు.

అలాంటివాడి కడుపున సముద్రమంటే చెవి కోసుకునే కూతురు పుట్టింది. ఉన్నదంతా ఊడ్చి ఓ పాత తెరచాప పడవ కొంది. ఒంటరిగా పదిరోజుల ప్రయాణం చేస్తానంది. అందులో డీజిల్ ఇంజన్ ఆ పిల్లకంటే పదేళ్ళు పెద్దది. నల్లపొగ కక్కుతుంది, వేడెక్కితే మొండికేస్తుంది. గాలి పడిపోతే తెరచాప గుడ్డపేలికే, ఇంజనే దిక్కు.

"మార్చెయ్ నాన్నా. నువ్వు బిగిస్తే నాకు ధైర్యం," అంది.

మేస్త్రికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే ఆ ముసలి ఇంజన్‌తోనే పోతుంది. సరేనంటే తన చేత్తో తానే సాగనంపినట్టు.

చివరికి ఒప్పుకున్నాడు. రేవులో కట్టేసిన పడవలోంచే గొలుసు కప్పీతో పాత ఇంజన్ని పైకి లాగి, కొత్తది దింపాడు. రెండురోజుల పనికి పన్నెండురోజులు పట్టింది. నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తాయోనన్న భయం ఆయన్ని తినేసింది. ప్రతి గొట్టం మూడుసార్లు తడిమాడు. ఇంజన్‌నుంచి నీళ్ళలోకి పోయే ఇరుసు, షాఫ్ట్ చుట్టూ వేలు పెట్టి తడి ఉందేమోనని వాసన కూడా చూశాడు.

"ఏమండీ, ఇంజన్ బిగిస్తున్నారా, పురుడు పోస్తున్నారా?" అంది భార్య.

పదమూడోరోజున నడుంనొప్పి పనిచేయలేదు. కూతురు చెయ్యి పట్టుకుని ఎక్కించింది. తాడు విప్పగానే మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులా కమ్మీ పట్టుకుని, నీళ్ళకేసి చూడకుండా ఇంజన్ చప్పుడే వింటూ కూర్చున్నాడు. చప్పుడు బాగానే ఉంది.

కూతురు గేరు ముందుకి వేసింది. పడవ వెనక్కి కదిలింది. వెనక పాతికడుగుల దూరంలో రాతిగోడ ఉంది. ఆమె కంగారుపడి ఇంకాస్త జోరు పెంచింది. గోడ ఇంకాస్త జోరుగా దగ్గరికొచ్చింది.

మేస్త్రికి అప్పుడు తట్టింది. పాత ఇంజన్ షాఫ్ట్‌ని ఎడమకి తిప్పేది, కొత్తది కుడికి తిప్పుతుంది. నీళ్ళ కింద పడవని తోసే పంకా మాత్రం ఎడమకి తిరిగితేనే ముందుకి నెడుతుంది. తిరుగుడు మారితే పంకా మార్చాలన్నది ఈ పనిలో ఓనమాలు.

"వెనక్కి లాగు," అన్నాడు.

"వెనక్కేగా పోతున్నాం నాన్నా."

"అందుకే. గేరు వెనక్కి లాగమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూసి, లాగింది. పడవ గోడకి జానెడు దూరంలో వణికి నిలిచి, ముందుకి పాకింది.

రేవుకి తిరిగొచ్చి మళ్ళీ తాడు కట్టారు. పంకా సంగతి ఆయన చెప్పాడు. కొత్తది రావడానికి నెల పడుతుందనీ చెప్పాడు.

కూతురు రేవు మెట్టుమీద కూర్చుంది. "నాన్నా, ఇలాంటివి నువ్వెప్పుడూ మర్చిపోలేదు. నేను వెళ్ళకూడదని చేశావా?"

లేదమ్మా అనబోయాడు. ఆ పన్నెండురోజుల్లో పంకా ఒక్కసారీ గుర్తు రాలేదా, వస్తే తోసేశాడా అన్నది ఆయనకే తెలియలేదు.

"తెలీదు తల్లీ," అన్నాడు. "భయంగా ఉంది. అదొక్కటే తెలుసు."

ఆమె ఆయన వేళ్ళకంటిన గ్రీజు తన చేతిగుడ్డతో తుడిచింది.

నెల తర్వాత పడవని ఒడ్డెక్కించి, మేస్త్రే కొత్త పంకా బిగించాడు. చివరి మర మాత్రం చాలా నెమ్మదిగా తిప్పాడు. ఈసారి పడవ ముందుకే పోతుందని ఆయనకి తెలుసు.