నేను గేటు బయట నిలబెట్టిన మనిషి

నేను ఒక మనిషిని గేటు బయట నిలబెట్టాను. ఆ మహమ్మారి పోయింది. ఆ గేటుకు రంగు మార్చారు. ఆ మిల్లులో నా ఉద్యోగమూ ముగిసింది. అతను మాత్రం నాకు ఇంకా అక్కడే, ఎండలో, చెవికి ఫోను ఆనించుకుని కనిపిస్తాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పానా? లేదు, ఆయనకు ఎలాగూ తెలుసు కదా అన్న సాకుతో అక్కడా తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఓదార్చకండి. వినండి, చాలు.

ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేసి, సూరత్‌లోనే పదవీ విరమణ చేశాను. క్రమం నా స్వభావం. గుమ్మం దగ్గర చెప్పులు గోడకు సమాంతరంగా ఉండాలి. వాక్యం మొదలుపెట్టినవాడు దాన్ని పూర్తిచేయాలి. విరమణ తరువాత, అదే నగరంలో ఉధ్నా దగ్గర మరమగ్గాల మిల్లు నడిపే ఒక గుజరాతీ యజమాని నన్ను సలహాదారుగా పెట్టుకున్నాడు. అందరూ అతన్ని సేఠ్ అనేవారు. నాకు అప్పగించిన పని ఒక్కటే. మిల్లులో కార్మికుల హాజరూ కూలీ చూసే సాఫ్ట్‌వేర్ బాగా పాతబడింది. దాన్ని బాగుచేసి కొనసాగించాలా, తీసేసి కొత్తది కొనాలా, నేను తేల్చి చెప్పాలి.

ఆ పాత సాఫ్ట్‌వేర్ రాసినవాడు మల్లేశం. ఉత్తర తెలంగాణ పల్లె నుంచి మగ్గం మీద పనికి వచ్చినవాడు. సాయంత్రాలు ఏదో ఇన్‌స్టిట్యూట్‌కు పోయి కంప్యూటర్ నేర్చుకుని, మగ్గం వదిలి ఆఫీసు గదిలోకి ఎక్కాడు. ఎక్కిన సంగతి రోజూ అందరికీ గుర్తుచేసేవాడు. గొప్పలు చెప్పేవాడు, ఆలస్యంగా వచ్చేవాడు, టీ గ్లాసు కీబోర్డు మీద పెట్టేవాడు. అతని సాఫ్ట్‌వేరూ అతనిలాగే ఉండేది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, ఒకే ఒక ముసలి యంత్రం. ఏది ఎందుకు అలా రాశాడో కాగితం మీద ఎక్కడా లేదు. అంతా అతని బుర్రలోనే. తప్పులు వచ్చి పడే ఫైలుకు అత్తగారి పేరు పెట్టుకున్నాడు. పండుగ సెలవుల ఫైలు పేరు బిర్యానీ. ఆ పేర్లు చూసిన రోజు నాకు భోజనం సహించలేదు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

అయితే ఆ గందరగోళంలో ఒక పని జరిగేది. మగ్గాల మనుషుల్లో ఒక ఆనవాయితీ ఉంది, దాన్ని బద్లీ అంటారు. ఒకడు నాట్లకో పెళ్లికో ఊరికి పోతే, అతని మగ్గం దగ్గర బావమరిదో చిన్నాన్న కొడుకో వచ్చి నిలబడతాడు. నంబరు పోయినవాడిది, చేతులు వచ్చినవాడివి. మగ్గం ఆగదు, పోయినవాడి చోటు పోదు. మల్లేశం సాఫ్ట్‌వేర్‌లో ఒక నంబరు కింద రెండో పేరు రాసుకోవచ్చు. కూలీ నేసినవాడికే చేరేది. కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ మనిషిని దీని గురించి అడిగాను. ఒక నంబరుకు ఒక మనిషే అన్నాడు. ఆ జవాబు నాకు ఉతికి ఆరేసిన గుడ్డంత శుభ్రంగా అనిపించింది.

అయినా నా బుద్ధి నాకు నిజమే చెప్పింది. ఆ యంత్రాన్ని మార్చాలి, మల్లేశం చేత నియమాలన్నీ రాయించాలి, బద్లీ అలాగే ఉంచి పాతదాన్నే కొత్త యంత్రం మీదికి తేవాలి. నేను మొదట తేల్చుకున్నది ఇదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తెలియక చేశాననే అవకాశం నాకు లేదు.

మరి ఎందుకు మారాను? ఒక నవ్వు వల్ల. సేఠ్ గదిలో గుమాస్తాలందరూ ఉండగా మల్లేశం నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ హిందీలో ఒకసారి, నాకు ప్రత్యేకంగా తెలుగులో ఒకసారి చెప్పాడు: "మా సార్ పక్కా సిస్టం మనిషి. చీమలు లైను తప్పితె గుడ మెమో ఇస్తడు." సేఠ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. అతను ప్రేమగానే అన్నాడని అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆ మాటను మనసులో పెట్టుకున్నాను. నా వయసు, నా చదువు, నేను దిద్దుకుంటూ వచ్చిన నా భాష, వాటన్నిటి మీదా ఆ చెయ్యి పడిందనిపించింది. ఆ మాట అన్నవాడి సాఫ్ట్‌వేర్ బతకకూడదనుకున్నాను. ఇంత చిన్న కారణమా అని మీరడగవచ్చు. ఇంతకంటే పెద్దది వెతికాను. దొరకలేదు.

అంతలో మహమ్మారి వచ్చి మిల్లు మూతపడింది. కార్మికులు చాలామంది ఊళ్లకు పోయారు. కొన్నాళ్లకు ఆఫీసు వరకు తెరవడానికి అనుమతి వచ్చింది. గేటు దగ్గర పాటించవలసిన నియమాలు నేనే రాశాను. ఇంట్లో జ్వరం ఉన్నవారికి ప్రవేశం లేదన్నది వాటిలో ఒకటి. సేఠ్ ఒక రోజు ఖాయం చేశాడు: మల్లేశం వచ్చి పాతదాన్ని నడిపి చూపాలి, తరువాత నేను నా అభిప్రాయం చెప్పాలి, ఆ రోజే తేలిపోవాలి. మల్లేశానికి నెలనెలా వచ్చే జీతం, ఆ కుర్చీ, ఆఫీసు మనిషినన్న పేరు, అన్నీ ఆ ఒక్క పూట మీద ఉన్నాయి.

దానికి ముందు వారంలో అతను నాకు ఫోనులో కష్టం చెప్పుకున్నాడు. భార్యకు జ్వరం వచ్చింది, భయపడిపోయాను, పరీక్ష చేయించాను, ఏమీ లేదన్నారు, తగ్గిపోయింది అని. ఆ మాటలో మొదటి సగం తీసుకున్నాను. ఆ ఉదయం గేటు దగ్గర వాచ్‌మన్‌తో, డిండోలిలో మల్లేశం ఇంట్లో జ్వరం ఉందట, లోపలికి రానివ్వకు అన్నాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను. వాచ్‌మన్‌ది కూడా డిండోలిలో ఆ గల్లీయే. అతను రెండడుగులు వెనక్కి జరిగి తలూపాడు.

నేను మొదటి అంతస్తులో ఉండగా ఫోను మోగింది. కిటికీలోంచి చూస్తే గేటు బయట అతనే.

"సార్, నమస్తే. గేటు కాడున్న. గీ వాచ్‌మన్ ఇడుస్తలేడు. మా ఇంట్ల బుఖార్ ఉందట. ఎవలికి సార్? మా ఆమె పొద్దుగాల రొట్టె తినకుంట పోతున్నవని కొట్టినంత పని జేసింది. బుఖారున్నోళ్లు గట్ల మీదికొస్తరా?"

"నియమం ఉంది కదా మల్లేశం."

"నియమం రాసింది మీరే గద, మీరే జర చెప్పుండ్రి. రిపోర్టు గుడ జేబుల వెట్టుకొచ్చిన. నెగెటివ్ అని గింత పెద్దగ రాసున్నది, పైనుంచి మీకు గుడ కనవడ్తది, సూడుండ్రి." అతను నిజంగానే కాగితం విప్పి తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు.

"ఆ కాగితం ఇప్పుడు ఎవరు ముట్టుకుంటారు?"

అతను కాగితం దించి మడిచాడు. తరువాత మెత్తబడ్డ గొంతుతో అన్నాడు: "గది గుడ నిజమే. పోనీ సార్, నేను లోపలికి రాను. ఈన్నే నిలవడ్త. మీరు మిషిన్ ముంగట కూసోండ్రి, ఏ బటన్ ఒత్తాల్నో ఫోన్ల చెప్త. సేఠ్‌కు ఒక్క మాట చెప్పుండ్రి, మల్లేశం వచ్చిండు, గేటు కాడున్నడు అని. గంతే."

"చెబుతాను" అన్నాను.

అదీ నేను ఇన్నేళ్లు మోసిన మాట. వాచ్‌మన్‌తో అన్నదాన్ని జాగ్రత్త అని సర్దిచెప్పుకోవచ్చు. కాగితం గురించి అన్నదాన్ని భయం అనుకోవచ్చు. ఈ మాటకు వేరే పేరు లేదు. అతను దారి చూపాడు. ఎవరికీ ఏ ప్రమాదమూ లేని దారి. ఆ దారిలోనే నేను అతన్ని ముగించాను.

ఫోను మోగకుండా చేసి, డెస్కు సొరుగులో పెట్టి, సేఠ్ గదిలోకి వెళ్లాను. సేఠ్ అడిగాడు: "మల్లేశ్ నహీ ఆయా?" రాలేదన్నాను. ఇలాంటి రోజున రానివాడి మీద మిల్లు మొత్తం ఆధారపడి ఉండడమే ఆ సాఫ్ట్‌వేర్‌లోని లోపం అని కూడా అన్నాను. ఆ వాక్యం ముందే సిద్ధం చేసుకున్నాను. చాలా బాగా కుదిరింది. మాట్లాడుతుండగా సేఠ్ వెనక కిటికీలోంచి మల్లేశం కనిపించాడు. మళ్లీ ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఎండ కళ్లలో పడుతోందని చెప్పి, లేచి వెళ్లి తెర లాగాను.

కొత్తది కొన్నారు. పాత యంత్రాన్ని చిత్తు సామానుతో పాటు లారీ ఎక్కించారు. లారీ కదిలేదాకా నేను దగ్గరుండి చూశాను.

మల్లేశానికి ఉద్యోగం ఒక్కటే పోయి ఉంటే కథ అక్కడితో ఆగేది. ఆగలేదు. జ్వరం మాట వాచ్‌మన్‌తో పాటు డిండోలి చేరింది. గల్లీలో అతని పిల్లలతో ఎవరి పిల్లలూ ఆడలేదు. కుళాయి దగ్గర అతని భార్య బిందెను కాలితో జరిపారు. ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు. ఇదంతా వాచ్‌మనే నాకు చెప్పాడు, తన పని తాను చక్కగా చేసినవాడి సంతోషంతో. నేను అన్నది ఒక్క మాట: మంచిది. అప్పుడైనా నోరు తెరవవచ్చు కదా? ఆ ఇంట్లో జ్వరం లేదయ్యా అని ఆ ఒక్కడికి చెప్పి ఉంటే, అదే నోటి ద్వారా ఆ గల్లీ అంతా తిరిగేది. చెప్పలేదు. చెబితే, ఉందని మొదట ఎందుకు చెప్పారని అడుగుతాడు. ఒక వాచ్‌మన్ ముందు తల వంచుకోవడం ఇష్టం లేక ఒక కుటుంబాన్ని వీధిలో వదిలేశాను.

మిల్లు పూర్తిగా తెరిచినప్పుడు ఊళ్ల నుంచి మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లలో బద్లీలే ఎక్కువ. అన్న రావడానికి భయపడితే తమ్ముడు వచ్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్ గేటు దగ్గర నంబరు కొట్టగానే అన్న ఫోటో చూపించేది. నువ్వు ఇతను కావు, వెళ్లిపో. నాలుగు రాష్ట్రాలు దాటినంత అలసటతో వాళ్లు గేటు బయట సంచుల మీద కూర్చున్నారు. సేఠ్ నన్ను పిలిచి, మల్లేశాన్ని రప్పిస్తే బద్లీ సంగతి దీనిలో కూడా ఏమైనా చేయగలడా అని అడిగాడు. అతని ఆచూకీ తెలియదన్నాను. అతని నంబరు నా ఫోనులోనే ఉంది. సేఠ్ వేరే మనుషులను తెచ్చుకున్నాడు. సంచులు లేచి వెళ్లిపోయాయి. ఆ వారం మా రికార్డులు మిల్లు చరిత్రలోనే ఎన్నడూ లేనంత క్రమంగా ఉన్నాయి.

మరుసటి సంవత్సరం ఒక మునిసిపల్ బడిలో టీకా కోసం వరుసలో నిలబడ్డాను. పొడవైన వరుస, నేను చాలా వెనక. ముందు నుంచి ఒకడు తిరిగి చూసి మాస్కు కిందికి లాగాడు.

"సార్! లైను మస్తు సీదా ఉన్నది. మీరే పెట్టిచ్చిన్రా?"

మల్లేశం. నా దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. సూరత్ అవతల కిమ్ అనే ఊరి దగ్గర ఒక యూనిట్‌లో మళ్లీ మగ్గం నడుపుతున్నాడట. పిలిస్తే వెంటనే వినిపించడం లేదని, మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారాయని నవ్వుతూ చెప్పాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"గా దినం మీరు సేఠ్‌కు చెప్పిన్రు గద సార్, నేను వచ్చిన్నని?"

వరుసలో అందరూ మా వైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి దేవుడు నాకు అంతకంటే తేలికైన ప్రశ్న వేయలేడు.

"చెప్పాను" అన్నాను.

"నాకెర్కే. మా ఆమెతోని గుడ అదే అన్న. మన సార్ చెప్పే ఉంటడు, సేఠే ఇనలేదని." అతని ముఖం తేటపడింది. వెంటనే నా మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించి, తాను నిలబడ్డ చోట నన్ను నిలబెట్టి, వెనకవాళ్లతో హిందీలో, పెద్దమనిషి, ఎండకు తట్టుకోలేడు, నా జాగా ఆయనకిచ్చిన అని చెప్పి, తాను వరుస చివరికి వెళ్లిపోయాడు.

ఎప్పుడూ వరుస తప్పనివాణ్ని నేను. అతని చోట నిలబడ్డాను. అతని వంతు నాకు వచ్చింది. లోపలికి వెళ్లాను, చెయ్యి చాపాను, బయటికి వచ్చాను. పక్క తలుపు నుంచి వచ్చాను. అతను నిలబడ్డ వైపు వెళ్లనే లేదు.

అతను ఇప్పుడు ఎక్కడున్నాడో నిజంగానే తెలియదు. ఆ రోజు అబద్ధంగా చెప్పిన మాట ఈనాటికి నిజమైంది. కిమ్ వెళ్లి వెతకవచ్చు. వెతకలేదు, వెతుకుతానని మీకు మాట కూడా ఇవ్వను. దొరికితే అతను నన్ను క్షమిస్తాడు, నవ్వుతూ, చెయ్యి భుజం మీద వేసి. ఆ చెయ్యిని నేను ఇప్పటికీ భరించలేను.

మల్లేశం వచ్చాడు. గేటు దగ్గరున్నాడు. చెప్పమన్నాడు, ఇప్పటికి చెప్పాను.