వేటలో వృథా కాని యాభై యూరోలు

"ఏం భాయ్, కిలో జింక మాంసం ఎంత పడ్డది?" అని ఆఫీసులో మనవాళ్ళు నన్ను ఆటపట్టిస్తుంటారు. పట్టించరా మరి! జర్మనీలో, వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి, ఆ పని చూసుకోక వేట నేర్చుకోబోయాను. కోర్సు, పరీక్ష, లైసెన్సు, రైఫిలు, దాని మీదికి దుర్భిణి, అన్నీ దాచడానికి ఉక్కు బీరువా. ఖర్చు తడిసి మోపెడైంది. అందులో ఒక్క యాభై యూరోలు మాత్రం వృథా కాలేదు. ఏ యాభై అని అడిగితే మాట మార్చేస్తాను.

తొలిసారి వేటకు పోయేముందు నల్లగొండలో ఉన్న మా మామకు ఫోన్ చేసి అడిగాను. ఆయన ఖరాఖండిగా చెప్పాడు. "గోలీతోని సచ్చింది మనకు హలాల్ కాదు బేటా. పానం ఉండంగనే బిస్మిల్లా అని కొయ్యాలె." కోర్సులో నేర్పింది దీనికి పూర్తిగా ఎదురు. కాల్చాక కదలొద్దు, కనీసం పావుగంట ఆగాలి. దెబ్బ తిన్న జంతువు దగ్గర్లోనే పడుకుని ప్రాణం విడుస్తుంది, వెంటపడితే భయంతో ఎంత దూరమైనా పోతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు సరిగ్గానే రాశాను కూడా.

మే నెల, పొద్దున ఆరు గంటలు, సన్నటి తుంపర. అడవిలో నేనొక్కణ్ణే. మేకంత మగ జింక గడ్డిలోకి వచ్చింది. బిస్మిల్లా అని కాల్చాను. కూలింది, లేచింది, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. నేను ఆగలేదు. చావకముందే అందుకోవాలని కత్తి తీసుకుని పరుగెత్తాను. అది యాభై అడుగుల అవతలే పడుకుని ఉంది. నన్ను చూసి లేచింది. ముందుకాలు విరిగి వేలాడుతోంది. అలాగే అడవిలోకి పారిపోయింది. చేతులారా చెడగొట్టాను.

అలాంటప్పుడు ఏం చేయాలో తెలుసు. గాయపడ్డ జంతువులను వాసన పట్టి వెతికే కుక్కలున్నాయి, వాటి యజమానుల నంబర్లు మాకు ముందే ఇచ్చారు. కానీ పిలిస్తే ఎందుకు పరుగెత్తావని అడుగుతారు. కత్తి సంగతి చెప్పాలి. మన పద్ధతిలో గొంతు కోయడానికి ఇక్కడ చట్టం ఒప్పుకోదు. నన్నొక్కణ్ణి అంటే పడతాను, మనవాళ్ళందరినీ కలిపి అంటారే! ఆ సిగ్గుతో, ఆ భయంతో తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. నేనొక్కణ్ణే వెతుకుతూ, అక్కడున్న నాలుగు నెత్తుటి చుక్కలనూ తొక్కేశాను. పన్నెండింటికి ఇక చేతకాక ఫోన్ చేశాను.

అరగంటలో వచ్చింది కుక్క యజమానురాలు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు ఇంటింటికీ ఉత్తరాలు పంచేదట. వెంట పొడవాటి తాడుకు కట్టిన గోధుమరంగు కుక్క. బురదలో నా బూట్ల గుర్తులు చూసి, "పరుగెత్తారా?" అంది.

"అవును."

"కాల్చింది ఎప్పుడు?"

"ఆరింటికి."

వాచీ చూసుకుని కుక్కకు వాసన పట్టించింది. తిట్టినా బాగుండేది.

మూడు కావస్తుండగా కాలువ పక్క ముళ్ళపొదలో దొరికింది. బతికే ఉంది. లేవబోయింది, లేవలేకపోయింది. ఆమె కుక్కను ఆపి, "మీ జింక. ముగించేది మీరా, నేనా?" అని అడిగింది. నా చెయ్యి కత్తి మీదే ఉంది. మామ చెప్పినట్టే దానిలో ఇంకా ప్రాణం ఉంది. ఇంతా చేసింది దీనికోసమే కదా! రెండడుగులు వేశాను. నా ప్రతి అడుగుకీ అది ఆ విరిగిన కాలిని ఈడ్చుకుంటూ వెనక్కి పోబోయింది. నా వల్ల కాలేదు. "మీరే కాల్చండి, తొందరగా," అన్నాను. ఆమె కాల్చింది.

తర్వాత చిన్న కొమ్మ విరిచి దాని నోట్లో పెట్టింది. చివరి ముద్దట, ఇక్కడి వేటగాళ్ళ ఆచారం. ఈ పనికి డబ్బు తీసుకోనంది. కుక్క తిండికని యాభై యూరోలు బలవంతంగా చేతిలో పెట్టాను. ఆ జింక బాధ ఆగింది ఆమె, ఆ కుక్క రావడం వల్లే. నేను కొన్న మిగతా సరంజామా అంతా దాన్ని బాధపెట్టడానికే పనికొచ్చింది. మాంసం మాకు పనికిరాదు కనుక ఆమెకే వదిలేశాను.

ఇంట్లో నా భార్య మసాలా నూరి, రెండు కుటుంబాలను భోజనానికి పిలిచి కూర్చుంది. వట్టి చేతులు చూసి, "దొరకలేదా?" అంది. దొరికిందని చెప్పాను.

"పానంతోనా?"

"ఊఁ."

"మరి కొయ్యకపోయినవా?"

"చేతులు రాలేదు."

పొయ్యి ఆపి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అడిగింది. "గోలీ ఎప్పుడు తాకింది దానికి?"

"పొద్దుగాల ఆరింటికి. మూడింటిదాకా బతికే ఉంది."

"యా అల్లా! గంతసేపు నొప్పితోని పడున్నదా పాపం? సాయానికి పిలుద్దామంటే ఎవ్వరు దొరకలేదా నీకు?"

"దొరకలేదు," అన్నాను.