ఒక్కసారి మోగితే గోలు

మానవజాతి సమాచార సాధనాల చరిత్రను ఎవరైనా నిజాయితీగా రాయదలిస్తే పావురానికి ఒక పేజీ, టెలిగ్రాముకు రెండు పేజీలు ఇచ్చి, కాటారం–కురవి మిస్డ్ కాల్‌కు మాత్రం ఒక పూర్తి అధ్యాయం కేటాయించక తప్పదు. రెండువేల పదో సంవత్సరంలో, ఒక పెళ్లి పందిట్లో, బగారన్నం విస్తళ్ల ముందు ఈ ఒప్పందం కుదిరింది. సంతకాలు లేవు. సాక్షుల ధ్యాసంతా ముక్కల మీద ఉంది. అయినా షరతులు స్పష్టం. ఫోను ఒక్కసారి మోగి ఆగితే మనవాళ్లు గోలు కొట్టినట్టు. రెండుసార్లు మోగి ఆగితే మనవాళ్లకు గోలు పడినట్టు. ఎత్తకూడదు, ఎత్తితే మోగించినవాడి బ్యాలెన్సు పోతుంది. కబురు అందినవాడు అందినట్టుగా ఒకసారి తిరిగి మోగించాలి.

మోగించేవాడు కిష్టయ్య, కాటారం సర్కారు బడిలో అటెండరు. అందుకునేవాడు ప్రేమ్‌సింగ్, కురవి దగ్గరి తండాలో మిర్చి వేసే రైతు. ఒకప్పుడు ఇద్దరూ మానుకోట హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టె పంచుకుని చదివారు. హాస్టలుకు ఒక ఫుట్‌బాల్, పదకొండు ఎర్ర బనీన్లు ఉండేవి. ప్రేమ్‌సింగ్ గోల్స్ కొట్టేవాడు, కిష్టయ్య గోలు కాసేవాడు.

కాటారంలోకి కేబుల్ వచ్చాక ఒక శనివారం సాయంత్రం కిష్టయ్యకు టీవీలో ఇంగ్లండు జట్టొకటి ఎర్ర బనీన్లలో కనిపించింది. అంతకు మించిన బంధుత్వం అక్కర్లేదనిపించింది. ఆ జట్టు ప్రేమ్‌సింగ్‌కు కూడా సొంతమైపోయింది. అయితే ఆ వేళకు అతను చేనులో ఉంటాడు, చేతిలో బటన్ ఫోను. తన జట్టు ఆట ఎలా ఉంటుందో అతను ఈనాటికీ చూడలేదు. పదిహేనేళ్ల వీరాభిమానమంతా కేవలం వినికిడి మీదే నడిచింది.

మొదట్లో అది ఎంత బాగా నడిచేదో! బంతి వలలో పడేది. వల ఊగుతుండగానే కిష్టయ్య వేలు మీట నొక్కేది. గోలు కొట్టినవాడి మీద మిగతా ఆటగాళ్లు కుప్పగా పడే సమయానికి చొక్కా జేబులో తిరుగు మోత. ఆ కుప్పలో అడుగున ఎక్కడో తామిద్దరూ ఉన్నట్టే ఉండేది. కాటారం నుంచి కురవి పోవాలంటే భూపాలపల్లిలో ఒక బస్సు, హన్మకొండలో ఒకటి, మానుకోటలో ఇంకొకటి మారాలి. మిత్రులు ముఖాలు చూసుకుని ఇప్పటికి నాలుగేళ్లయింది.

కాలక్రమేణా ఫోన్లు అగ్గువయ్యాయి. కిష్టయ్య భార్య సరోజ ఈ సంగతి గమనించింది.

"ఓ అఖిల నాయినా, ఇప్పుడు ఎంత మాట్లాడినా పైసల్లేవంట గద. దోస్తుతోని ఒకపారి మాట్లాడరాదు?"

"ఏం మాట్లాడాలె?"

"మంచిగున్నవా అని అడుగు."

"మంచిగనే ఉంటడు. లేకుంటె ఎవలన్న చెప్తరు గద."

ఈ తర్కం విని సరోజ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత ఆటలోకి వీడియో వచ్చింది. గోలు పడగానే మైదానంలోని రెఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. ఎక్కడో గదిలో కూర్చున్న మరో రెఫరీ టీవీలో బొమ్మను ముందుకూ వెనక్కూ తిప్పి, భూమి కొలిచే సర్వేయరులా గీతలు గీసి, ఎవరి భుజం ఎవరి మోకాలి కన్నా ముందుందో తేలుస్తాడు. అంతవరకూ లోకంలోని అభిమానులందరూ నోరు తెరిచి, సగం లేచిన భంగిమలో ఆగిపోవాలి. కూర్చుంటే జట్టు మీద నమ్మకం లేనట్టు, పూర్తిగా లేస్తే బుద్ధి లేనట్టు.

కిష్టయ్య వేలు కూడా మీట మీద అలాగే ఆగిపోవడం నేర్చుకుంది. గోలు ఖాయమయ్యాకే నొక్కేవాడు. అప్పటికీ మనసు ఒప్పేది కాదు, మళ్లీ ఏమంటారో అని సగం మోతలోనే కట్ చేసేవాడు. తిరుగు మోతలు తగ్గుతూ వచ్చాయి. పోయిన దసరా నుంచి ఒక్కటీ లేదు. కిష్టయ్య మిత్రుణ్ని తప్పు పట్టలేదు. మూడు నిమిషాలు ఆరిన చాయ్ ఎవరు తాగుతారు? కానీ ప్రతి గోలుకూ జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు.

ఈ జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఎదురింట్లో అద్దెకుండే లెక్కల సార్ దినేశ్ గదిలో కిష్టయ్య ఆట చూస్తున్నాడు. డెబ్బయ్యో నిమిషంలో కుడివైపు నుంచి బంతి గాల్లో లేచింది. ఒక ఎర్ర బనీను దానికంటే ఎత్తుకు లేచి తలతో కొట్టింది. హాస్టల్లో ప్రేమ్‌సింగ్ అచ్చంగా అట్లాగే లేచేవాడు. కిష్టయ్య ఆగలేకపోయాడు. నొక్కేశాడు. నిండుగా ఒక మోత మోగనిచ్చి ఆపాడు.

నాలుగు ఊపిర్లు తీసేలోపు జేబు మోగింది. ఒక్కసారి.

కిష్టయ్య ఫోనును ఛాతీకి అదుముకున్నాడు.

"కిష్టన్నా, జర ఆగే. చెక్ చేస్తున్నరు," అన్నాడు దినేశ్.

"ఏం చెక్ సార్? బంతి వలల పడ్డది కనవడుతలేదా? దొంగను పట్టినట్టు గోలును పడుతున్నరేంది?"

గీతలు వచ్చాయి. మొదట నీలం, తర్వాత ఎరుపు. తాళంచెవి కోసం వచ్చిన సరోజ కూడా గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడున్నర నిమిషాల తర్వాత గది లోపలి రెఫరీ తేల్చాడు. ఎర్ర బనీను బూటు కొన ఎదుటి జట్టు చివరి డిఫెండరు కన్నా ముందుంది, ఆఫ్‌సైడ్. గోలు రద్దు.

గోలును రద్దు చేయవచ్చు, మోగిన ఫోనును రద్దు చేసే షరతు ఒప్పందంలో లేదు. రెండుసార్లు మోగిస్తే లెక్క ఒకటి–ఒకటి అవుతుంది. మూడుసార్లు మోగిస్తే ప్రేమ్‌సింగ్ ఏమనుకుంటాడో ఊహించడానికి ఆధారాలు లేవు. ఊరుకుంటే తండాలో ఎర్ర జట్టు గెలిచినట్టే. ఊరుకోవచ్చు. కానీ ఇన్ని నెలలకు వచ్చిన తిరుగు మోత ఒక అబద్ధానికి వచ్చింది. నిజం చెబితే రేపటి నుంచి వాడు ఏ మోతనూ నమ్మడేమో. చెప్పకుంటే ఈ మోత తనది కాదు.

"మొకమేంది గట్ల పెట్టినవ్?" అంది సరోజ. "ఫోన్ చేసి చెప్పరాదు?"

కిష్టయ్య వీధిలోకి వచ్చి నంబరు నొక్కాడు, ఈసారి ఆపలేదు. రెండో మోతకు ఎదుటి జట్టు గోలు కొట్టినట్టయింది. అయిదో మోతకు మ్యాచ్ చేయి దాటిపోయింది. ఆరో మోతకు ఫోను లేచింది.

"ఎవలకేమైందిరా?" ప్రేమ్‌సింగ్ కేకేశాడు. వెనక అతని భార్య గోరీ తమ భాషలో ఆదుర్దాగా ఏదో అడుగుతోంది.

"ఎవలకేం కాలే. గోల్ కాలేదంట."

"ఏందీ?"

"ఇందాక మోగించిన గద, అది గోల్ కాదంటున్నరు. రూంల కూసున్నోడు టీవీల చూసి కొట్టేసిండు. మనోని బూటు ముందున్నదంట."

"ఎంత?"

"వేలెడు గూడ లేదు."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"చూసి, గోల్ అన్నవా?"

"అన్న."

"ఇగ అయిపాయె. హాస్టల్ల ఉన్నప్పుడు జనగామల బంతి నీ కాళ్ల నడుమకెల్లి పోయినా గోల్ కాదని అర్ధగంట కొట్లాడినోనివి. గసొంటి నువ్వే గోల్ అన్నంక, కాదనేటందుకు వాడెవడురా?"

కిష్టయ్యకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అడిగాడు.

"దసరా కాడికెల్లి నువ్వు తిరిగి ఇస్తలేవు."

"ఎట్ల ఇయ్యాలె? సగం మోగి సచ్చిపోతది. చేన్ల పనిల తీసి చూడకపోతి, లోన్ ఇస్తమనెటోళ్లు అనుకున్న. ఇయ్యాల నిండుగ మోగింది. కిష్టిగాడే అనుకున్న."

"ఇగ వాళ్లు తేల్చినంకనే ఇస్త తియ్. తప్పు లెక్క కాదు."

"వద్దురా. కొట్టంగనే ఇయ్యి. కొట్టేసుడు వాళ్ల ఇష్టం. నేనేమన్న వాళ్లకు కప్పు ఇచ్చేదున్నదా?"

చెప్పాల్సింది అయిపోయింది. పెట్టేయవచ్చు. పెట్టలేదు. అటునుంచి మేకల అరుపులు, ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించాయి.

"ఇంకేంది?"

"ఏం లేదు. నువ్వే చెప్పాలె."

"మిర్చి ఏరుడు పడ్డది. ఈసారి పురుగు మస్తుగ పడ్డది. నీ మోకాలు?"

"అట్లనే ఉన్నది. ఓపారి రారాదు?"

"ఏరుడు అయినంక చూద్దం."

ఏరుడు అయ్యాక కూలీలు, మార్కెట్టు, ఎండలు, మళ్లీ దుక్కులు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వస్తే చెప్పు. భూపాలపల్లి దాక ఎదురొస్త."

"సరె. పెట్టు ఇగ."

"నువ్వు పెట్టు."

హాస్టల్ వంటమనిషి పేరు గుర్తు చేసుకోవడానికి ఇంకొంత సేపు పట్టింది. అతను ఉన్నాడా పోయాడా అన్నది తేలలేదు. చివరికి ప్రేమ్‌సింగ్ ఫోనులో చార్జింగు అయిపోయి మాట తెగింది. వెచ్చబడ్డ ఫోనును కిష్టయ్య జేబులో వేసుకున్నాడు. లోపలికి వచ్చేసరికి దినేశ్ టీవీ కట్టేసి అన్నం వండుకుంటున్నాడు.

"ఏమైంది సార్?"

"ఏం కాలే కిష్టన్నా."

ఆట సున్నా–సున్నాతో ముగిసింది.