కదలకండి, కుక్క వస్తోంది!

మా మావయ్య కుక్కను ఆపడు, వీధిని ఆపుతాడు. ఆయన గురించి చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు. మిగతాదంతా ఈ వీధి సంఘానికి కార్యదర్శిగా నేను పడ్డ పాట్లు.

కుక్క దేని వెంటైనా పడితే గొలుసు పట్టుకుని వెనక్కి లాగడం మామూలు మనుషులు చేసే పని. మావయ్య మామూలు మనిషి కాదు. నలభై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. కలెక్టరైనా సరే, ఆయన "కదలకండి" అంటే ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. స్టూడియో మూసేశాక ఆ అధికారం కూడా మూతపడిందని ఆయనకెవరూ చెప్పలేదు.

రెండు నెలల క్రితం ఎక్కడినుంచో ఒక గోధుమరంగు కుక్కను తెచ్చాడు.

"ఎక్కడిది మావయ్యా?"

"వచ్చింది."

"దానంతటదేనా?"

"నువ్వీ వీధిలో దిగినప్పుడు ఎవరైనా ఇన్ని ప్రశ్నలు వేశారట్రా?"

దాని పేరు బుద్ధిమంతుడు. ఆ పేరు పెట్టిన మహానుభావులకు వెయ్యి దండాలు. కదిలేది ఏది కనిపించినా దానికి పూనకం వచ్చేది. సైకిలు, స్కూటరు, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచి, బస్సు కోసం పరిగెత్తే పెద్దమనిషి... చిన్నా పెద్దా తేడా ఏమీ లేదు, అందరి వెంటా ఒకే ఉత్సాహంతో పడేది.

పొద్దున్నే బ్యాంకు మేనేజరు ఒంట్లో కొవ్వు కరిగించుకుందామని పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. నలభై అడుగుల అవతల ఉండగానే మావయ్య చెయ్యెత్తేవాడు.

"ఆగండి! కదలకండి!"

పాపం, ఆయన ఒంటికాలి మీద ఆగిపోయేవాడు. "రెండో కాలు దించొచ్చాండీ?"

"అప్పుడే వద్దు, చూస్తోంది."

కాసేపటికి కుక్క మేనేజరును వదిలి మావయ్య మొహంలోకి చూసేది. మావయ్య దానికో బిస్కెట్ ముక్క వేసేవాడు. "ఇప్పుడు దించండి. మెల్లిగా. ఆఁ, ఒక్క అడుగు. భేష్!" మెచ్చుకున్నది కుక్కనో తననో తెలియక మేనేజరు ఇద్దరి తరఫునా నవ్వేవాడు.

కేబులు బాగుచేసే మనిషయితే ఒకరోజు నిచ్చెన మీద పావుగంట ఉండిపోయాడు.

"దిగుతానండీ, కాళ్ళు లాగుతున్నాయి."

"దిగడమంటే కదలడం కాదటయ్యా?"

అతను కిందికొచ్చాక తిన్నగా మా ఇంటికొచ్చి ఫిర్యాదు రాసిచ్చాడు. అది పదకొండోది. అప్పటికే ఫిర్యాదులకో ఫైలు తెరిచాను. ఇలాంటి మేనమామ ఉంటే పదవి ఎంత దివ్యంగా ఉంటుందో ఊహించుకోండి.

అసలు ముప్పు మా వీధి దర్జీ వల్ల వచ్చింది. ఆయనకు ఒకరు ఆగమంటే ఆగే అలవాటు లేదు. "రోడ్డు మీ స్టూడియో కాదు సార్!" అంటూ సైకిలు జోరుగా తొక్కాడు. బుద్ధిమంతుడు గొలుసు విడిపించుకుని మలుపు దాకా తరిమాడు. లోకమంతటికీ పంట్లాలు కుట్టే మనిషి చిరిగిన పంట్లాంతో ఇల్లు చేరాడు.

సంఘం కూర్చుంది. ఆదివారం పొద్దున పరీక్ష. కమిటీ ముందు కుక్క వీధి ఈ చివరనుంచి ఆ చివరకు నడవాలి. పక్కనుంచి దర్జీ సైకిలు మీద వెళ్తాడు. ఎవరినీ ఆపకూడదు. కుక్క వెంటపడిందో, ఆ సాయంత్రమే దాన్ని ఊరు దాటించాలి. కాగితం మీద సంతకం నాదే.

మావయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. దెబ్బలాడతాడనుకున్నాను. "ఐదు రోజులే ఉన్నాయన్నమాట," అన్నాడంతే. ఆ గొంతు విని నా మనసు చివుక్కుమంది. సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కు."

"మావయ్యా, ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను!"

"అందుకే. ఎక్కు."

ఎక్కాను. ఖాళీ స్థలంలో నేను నలభై అడుగుల దూరంలో తొక్కుతుంటే, కుక్క చెవులు నిక్కబొడవగానే, అది దూకకముందే, మావయ్య పేరు పెట్టి పిలిచేవాడు. అది తనవైపు చూస్తే బిస్కెట్ ముక్క. మర్నాడు ముప్పై అడుగులు. ఆ మర్నాడు ఇరవై. తొక్కి తొక్కి నా పిక్కలు పట్టేశాక గాని నా మట్టిబుర్రకు వెలగలేదు. ముందు నిలబడ్డ మనిషి, తర్వాత ఒక్క అడుగు వేసే మనిషి, తర్వాత నడిచే మనిషి... రెండు నెలలుగా వీధి వీధంతా ఆ కుక్కకు పాఠం చెబుతోంది. జీతం లేకుండా, ఇష్టం లేకుండా.

ఆదివారం కమిటీ కుర్చీలు వేసుకుని కూర్చుంది. మావయ్య ఒట్టి చేతులతో వచ్చాడు.

"కుక్కేదీ?" అన్నాడు దర్జీ, సైకిలు గంట సరిచూసుకుంటూ.

"దాని మనిషితో వస్తోంది."

మలుపు తిరిగి ఒక తెల్లజుట్టు ఆవిడ వచ్చింది, చేతిలో బుద్ధిమంతుడి గొలుసుతో. వెనక వీధిలో ఒక్కతే ఉండే పంతులమ్మగారు. నాకు మూడో తరగతి చెప్పింది. అక్షరాలు దిద్దించిన మనిషి రెండడుగుల దూరంలో ఉంటే, నేను ఏళ్ళ తరబడి ఆవిడ గుమ్మం తొక్కలేదు.

దర్జీ గంట వాయిస్తూ దూసుకొచ్చాడు. బుద్ధిమంతుడి ఒళ్ళు బిగుసుకుంది. ముందు కాలు గాల్లోకి లేచింది. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

"బుద్ధిమంతుడూ," అందావిడ, తరగతిలో హాజరు పిలిచినట్టు.

అది తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. దర్జీకి నమ్మకం కలగలేదు. వెనక్కి తిరిగి ఇంకా జోరుగా వచ్చాడు. అది ఈసారి పిలవకుండానే ఆవిడ వైపు చూసింది. దర్జీయే ముందుగా చప్పట్లు కొట్టాడు.

"ఏరా, కార్యదర్శివయ్యావట," అంది పంతులమ్మగారు నాతో. "వీడు స్కూటరు వెంటపడి నన్ను ఈడ్చేశాడు, మణికట్టు విరిగింది. కుక్కనిచ్చేస్తావా లేదా అని మా అమ్మాయి పట్టుబట్టింది. మీ మావయ్యగారు రెండు నెలలు గడువడిగి తీసుకెళ్ళారు. తిట్లన్నీ ఆయన తిన్నారు, కుక్కని నాకు మిగిల్చారు."

నాకు సిగ్గేసింది. పదకొండు ఫిర్యాదులూ అక్కడే చింపేశాను. పన్నెండోది దర్జీది, తనే చింపుకుంటానని అడిగి తీసుకున్నాడు.

మావయ్యతో పాటు ఇంటికెళ్ళాను. "కుక్కలంటే మావయ్యకి ఇంత ప్రేమని తెలీదత్తయ్యా!"

"ప్రేమా నీ మొహమా!" అంది అత్తయ్య. "ఈయనకి కుక్కంటే చచ్చేంత భయం. వీధిలో నలుగురూ చూస్తారని బింకం. ఇంట్లో ఈ రెండు నెలలూ మంచం మీదే భోజనం, మంచం మీదే పేపరు."

"భయం కాదు, జాగ్రత్త," అన్నాడు మావయ్య మంచం ఎక్కి కూర్చుంటూ.

"మరెందుకు తెచ్చుకున్నావు మావయ్యా?"

"నలభై ఏళ్ళు ఎదుటివాళ్ళని నవ్వండి, నవ్వండి అన్న నోరురా ఇది. ఆవిడ నా ముందు కూర్చుని ఏడుస్తుంటే ఏం చెయ్యమంటావు?"

అని, ఎందుకైనా మంచిదని మంచం కిందకి ఒకసారి తొంగిచూసి, కాళ్ళు నేలమీదికి దించాడు.