ఆయన చెప్పిన నా జవాబులు

ఇది ఎప్పుడో రాయాల్సింది. అప్పట్లో నాకు అక్షరాలు రావు. యాభై ఆరో ఏట మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. అప్పటిదాకా నా తరఫున రాసేవాళ్లకూ చెప్పేవాళ్లకూ కొదవ లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నా కాలేయం గట్టిపడిందని డాక్టర్లు చెప్పి మూడేళ్లయింది. చుక్క ముట్టని ఆడమనిషికి ఆ జబ్బెలా వచ్చిందా అని ఎల్బీనగర్‌లోని మా గల్లీ నా కంటే ఎక్కువ ఆలోచించేది. మా ఆయనకు అంత తీరిక లేదు. చౌరస్తా శిబిరంలో పొద్దున పదింటికి నిరాహార దీక్షకు కూర్చుని, సాయంత్రం అయిదింటికి లేచేవాడు. కూర్చునే ముందు తినే నాలుగు జొన్నరొట్టెలు నేనే చేసేదాన్ని.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో డాక్టరు, జబ్బు మనసును ఎంత పట్టిందో చూడాలన్నాడు. అక్కడ పనిచేసే కోస్తా అమ్మాయి ఒకతె ప్రశ్నల కాగితం తీసుకుని మా ఎదురుగా కూర్చుంది.

“అమ్మా, ఈ నెలలో ఎన్ని రోజులు దిగులుగా అనిపించిందండీ?”

“దిగులేంది మేడం? ఇంట్ల కలర్ టీవీ ఉంది. సున్నా రాస్కోండ్రి,” అన్నాడు మా ఆయన.

“ఆవిణ్ణి చెప్పనివ్వండి బాబాయ్‌గారూ.”

“ఆమెకేం తెల్వది. సంతకం గూడ రాదు.”

నిద్ర పడుతోందా అని అడిగింది.

“మస్తు పడ్తది. నేనెప్పుడు లేసి సూశినా పండుకునే ఉంటది.”

ఆయన ఎప్పుడు లేచాడో నాకు తెలియదు. ఆ జబ్బు తెచ్చే దురదకు ఒళ్లంతా గోక్కుంటూ నేను కూర్చునే ఉండేదాన్ని.

ఇంట్లోవాళ్లకు భారమయ్యానని అనిపిస్తుందా అంటే నవ్వాడు. “అనిపిస్తె ఏంది? మొయ్యనీకె నేను లేనా?”

బతకాలని లేదని ఎప్పుడైనా అనుకున్నారా అన్నది ఆఖరి ప్రశ్న. మాత్రలన్నీ మానేద్దాం, ఏమైతే అదవుతుందని ఆ నెలలో నేను రెండుసార్లు అనుకున్నాను. “ఛీ ఛీ,” అన్నాడు ఆయన. ఆ అమ్మాయి ‘లేదు’ అని రాసుకుంది. కింద నేను వేలిముద్ర వేశాను.

మనసు డాక్టరుకు చూపించే అవసరం లేదన్నారు. మా ఆయన తానే పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాడు. తిరిగొస్తూ శిబిరం దగ్గర ఆగి మైకు అందుకున్నాడు.

“మా బాధ ఇంకొకడు చెప్పుడేంది? మాకు నోరు లేదా?”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతుల దురదకు హాయిగా ఉంది.

మర్నాడు బంద్. రొట్టెలు చేసి పెడితే తిని దీక్షకు పోయాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఆటోలు లేవు. కొత్తపేటలో మూసిన దుకాణం మెట్ల మీద కాసేపు కూర్చుని, మళ్లీ లేచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను.

ఆ అమ్మాయి నా వెనక్కి చూసింది. “బాబాయ్‌గారు రాలేదా అమ్మా?”

“దీక్షల ఉన్నడు బిడ్డా. అయిదు దాక లేవనీకె లేదు. నువ్వు కొత్త కాయిదం తియ్యి. ఆఖరుది ముందుగాల అడుగు.”

అడిగింది.

“రెండుసార్లు,” అన్నాను.